అన్నం ముందు నినాదం

2020 ఆగస్టు 24 సాయంత్రం. వాషింగ్టన్‌లోని ఆడమ్స్ మోర్గన్ ప్రాంతంలో ఒక రెస్టారెంటు ఆరుబయట వేసిన బల్ల దగ్గర ఒక మహిళ భోజనానికి కూర్చుంది. ఊరేగింపుగా వచ్చిన ఉద్యమకారులు ఆ బల్లను చుట్టుముట్టారు. పిడికిలి ఎత్తి తమకు మద్దతు తెలపమన్నారు. ఆమె ఎత్తలేదు. దాంతో మీదికి వంగి, ముఖంలో ముఖం పెట్టి అరిచారు. తెల్లవాళ్ల మౌనం హింసేనన్న నినాదం ఆ వీధిలో మార్మోగింది. ఎవరో ఫోనులో తీసిన ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఆమె తర్వాత తన మాట చెప్పింది: జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో తానూ నడిచింది, ఆ ఉద్యమంతో తనకు పేచీ లేదు, కానీ ఒకరు బెదిరిస్తే మాత్రం చెయ్యి ఎత్తదు. ఇంకో సంగతి కూడా వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. అరిచినవాళ్లలో చాలామంది తెల్లజాతి యువతీయువకులే.

ఆ కోపం ఊరికే పుట్టలేదు. అంతకు ముందురోజే విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి యువకుడి మీద, అతని పిల్లలు కారులో ఉండగా, ఒక పోలీసు ఏడుసార్లు కాల్పులు జరిపాడు. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపి అప్పటికి మూడు నెలలే. వీధిలోకి వచ్చినవాళ్లను తప్పుపట్టేవాళ్లు ముందు ఈ రెండు సంగతులనూ గుర్తు పెట్టుకోవాలి. అలా గుర్తు పెట్టుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషిని వాళ్లు అడిగిందేమిటి? పిడికిలి ఎత్తమని. ఆమె ఎత్తి ఉంటే కెనోషాలో ఏం మారేది? వాషింగ్టన్‌లోనే అనకోస్తియా నదికి ఆవలి ఒడ్డున తరాలుగా పేదరికంలో ఉన్న నల్లజాతి వాడల్లో ఏం మారేది?

కొన్నిరోజులకే న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఇలాంటిదే మరింత తీవ్రంగా జరిగింది. సెప్టెంబరు మొదటి వారంలో ఆందోళనకారులు రెస్టారెంట్ల దగ్గరికి వెళ్లి, తింటున్నవాళ్లను లేపి పంపేశారు. బల్లలు తిరగబడ్డాయి, గ్లాసులు పగిలాయి. దాని వెనక ఉన్నది డేనియల్ ప్రూడ్ మరణం. మార్చి 23 తెల్లవారుజామున, మంచు పడుతున్న వేళ, మతిస్థిమితం తప్పి ఒంటి మీద బట్టలు లేకుండా వీధిలో తిరుగుతున్న అతనికి సాయం కావాలని కుటుంబం పోలీసులకు ఫోన్ చేసింది. వచ్చిన పోలీసులు తలకు ముసుగు తొడిగి, తలను నేలకు అదిమిపట్టారు. ఊపిరి ఆగింది. వారం తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. వైద్యాధికారి దాన్ని హత్య కిందే లెక్కగట్టారు. అయినా అయిదు నెలలపాటు నగరానికి ఆ సంగతే తెలియలేదు. సెప్టెంబరు 2న కుటుంబం వీడియో బయటపెట్టాకే తెలిసింది.

ఆ అయిదు నెలల మౌనం నగర పాలకులది, పోలీసు పెద్దలది. ఒత్తిడి వాళ్ల మీద పడినప్పుడు ఫలితం వచ్చింది. వారం తిరిగేసరికి పోలీసు విభాగం పైస్థాయి అధికారులు పదవులు వదులుకున్నారు. తర్వాత మేయరు పోలీసు చీఫ్‌ను తొలగించారు. 2021 ఫిబ్రవరిలో గ్రాండ్ జ్యూరీ పోలీసుల మీద నేరారోపణకు ఒప్పుకోలేదు. 2022లో నగరం ఆ కుటుంబానికి 1.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఇందులో దేనికీ వీధిబల్లల దగ్గర తింటున్నవాళ్లు కారణం కాదు, అడ్డమూ కాదు. కానీ ఆ వారం టీవీల్లో తిరగబడిన బల్లలే ఎక్కువగా కనబడ్డాయి. ప్రూడ్ పేరు ఎన్నడూ పలకనివాళ్లకు ఆ దృశ్యాలు చేతికి అందిన సాకు అయ్యాయి. ఉద్యమానికి జరిగిన అసలు నష్టం అదే.

భోజనం బల్ల దగ్గర నిరసనే తప్పని వాదించేవాళ్లు చరిత్ర చదవాలి. అమెరికా పౌరహక్కుల పోరాటంలో ఒక పెద్ద మలుపు తినే బల్ల దగ్గరే వచ్చింది. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్ ఊల్‌వర్త్ దుకాణానికి వెళ్లారు. అక్కడ పళ్లపొడి, పుస్తకాలు కొనడానికి నల్లవాళ్లకు అడ్డు లేదు. అదే కప్పు కింద ఉన్న కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ తాగడానికి మాత్రం వీల్లేదు. ఆ నలుగురూ కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. మూసేదాకా కూర్చుని, మర్నాడు మరికొందరితో వచ్చారు. అలా నెలలు గడిచి, దుకాణం వ్యాపారం దెబ్బతిని, జులై 25న యాజమాన్యం దిగివచ్చింది. ఆ రోజు కౌంటర్ దగ్గర మొదట కూర్చుని తిన్నది అదే దుకాణంలో పనిచేసే నల్లజాతి ఉద్యోగులు.

టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో జరిగిన బైఠాయింపులకు తర్ఫీదు ఇచ్చిన జేమ్స్ లాసన్ కథ భారతీయులకు మరింత దగ్గరిది. ఆయన 1950లలో నాగపూర్‌లోని హిస్లప్ కాలేజీలో పనిచేస్తూ మూడేళ్లు మన దేశంలో ఉండి గాంధీ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేశాడు. తిరిగి వెళ్లాక నాష్‌విల్‌లో ఒక చర్చి నేలమాళిగలో విద్యార్థులను కూర్చోబెట్టి, వాళ్ల మీద బూతులు తిట్టించి, ముఖం మీద సిగరెట్టు పొగ ఊదించి, కుర్చీ లాగేయించి మరీ సాధన చేయించాడు. అక్కడి విద్యార్థులు పాటించిన నియమావళిలో ఎదురుదెబ్బ కొట్టకూడదు, తిట్టకూడదు, నిటారుగా కౌంటర్ వైపు తిరిగి కూర్చోవాలి, అందరితో మర్యాదగా మెలగాలి అన్నవి ఉన్నాయి. దుకాణం గుమ్మాలకు, లోపలి దారులకు అడ్డు నిలవకూడదన్నది కూడా ఉంది. వాళ్లు పక్క కుర్చీలో తింటున్న తెల్లవాళ్ల మీద ఏ నిబంధనా పెట్టలేదు. ఫిబ్రవరి 27న ఒక్కరోజే 81 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. ఈస్టర్ పండుగ ముందు దాదాపు నల్లజాతి కుటుంబాలన్నీ ఊరి నడిబొడ్డున ఉన్న దుకాణాల్లో కొనుగోళ్లు మానేశాయి. ఏప్రిల్ 19న, ఉద్యమ న్యాయవాది ఇంటి మీద బాంబు పడిన రోజున, వేలమంది మౌనంగా నడిచి వెళ్లి మేయరును నిలదీశారు. తినే బల్ల దగ్గర వివక్ష తప్పని మీరు ఒప్పుకుంటారా అని డయాన్ నాష్ అనే విద్యార్థిని సూటిగా అడిగింది. మేయరు ఒప్పుకున్నాడు. మే 10న ఆ కౌంటర్లలో అందరికీ వడ్డించారు.

ఈ విజయాన్ని నడిపించింది గురి. అన్యాయం చేస్తున్న దుకాణమే నిరసనకు వేదిక. కోరింది ఆ దుకాణం యజమాని ఇవ్వగలిగినదే. ఆలస్యం చేసిన కొద్దీ నష్టం కూడా అతనిదే.

2015 జనవరిలో ఓక్లాండ్, న్యూయార్క్ నగరాల్లో నల్లజాతి యువత ఇంకో తీరుగా ప్రయత్నించింది. 'బ్లాక్ బ్రంచ్' అన్న పేరుతో వాళ్లు ఆదివారం పొద్దెక్కాక ఖరీదైన రెస్టారెంట్లలోకి వెళ్లి, పోలీసుల చేతుల్లో చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. నాలుగున్నర నిమిషాలు నిలబడి వెళ్లిపోయారు. ఫెర్గుసన్ పట్టణంలో పోలీసు కాల్చి చంపిన మైకేల్ బ్రౌన్ శవం నాలుగున్నర గంటలపాటు వీధిలో పడి ఉన్నందుకు గుర్తుగా ఆ నిమిషాలు. బల్ల తిప్పలేదు, ఎవరినీ పిడికిలి ఎత్తమనలేదు. విన్నవాళ్లలో కొందరు విసుక్కున్నారు, కొందరు లేచి నిలబడ్డారు. ఒక నగరంలో ఒక జాతి వీధిలో చనిపోతుంటే ఇంకో జాతి తీరిగ్గా తింటోందని చెప్పడానికి అది గౌరవమైన మార్గమే. వాషింగ్టన్ వీధిలో జరిగినదానికీ దీనికీ చాలా తేడా ఉంది. అయినా పేర్లు విన్న తర్వాత తింటున్నవాళ్లు చేయవలసిన పని ఒక్కటీ ఆ నాలుగున్నర నిమిషాల్లో వాళ్ల చేతికి అందలేదు. ఒక ఓటు, ఒక చందా, ఒక సంతకం, ఫలానా నగర కౌన్సిల్ సమావేశానికి రమ్మనే పిలుపు కూడా ఉంటే ఆ ఉదయం ఇంకెంతో సాధించేది.

రోచెస్టర్ దగ్గరే ఇంకాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ వాదానికి రెండు వైపులా ఉదాహరణలు ఆ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. ఫ్రెడరిక్ డగ్లస్ 1847 నుంచి పాతికేళ్లు అక్కడే ఉండి పత్రిక నడిపాడు. కొడాక్ కంపెనీ పుట్టింది అక్కడే. ఇరవయ్యో శతాబ్దం నడుమ దక్షిణాది పొలాల నుంచి వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఆ ఊరి పాత వాడల్లో కిక్కిరిసి బతికాయి. ఊరంతా కొడాక్ జీతాల మీద నడుస్తున్నా ఆ గేటు లోపలికి నల్లవాళ్లు అరుదుగానే వెళ్లేవారు. 1964 జులైలో జోసెఫ్ అవెన్యూలో ఒక వీధి నృత్యం దగ్గర జరిగిన అరెస్టు అల్లర్లకు దారితీసింది. మూడు రోజులు ఊరు తగలబడింది. నేషనల్ గార్డు దళాలు దిగాయి.

ఆ తర్వాత స్థానిక చర్చీలు ఒక తెలివైన పని చేశాయి. షికాగో నుంచి సాల్ అలిన్‌స్కీ అనే జనసంఘటనల నిపుణుణ్ణి పిలిపించాయి. 1965లో ఫైట్ అనే సంస్థ పుట్టింది. దాన్ని నడిపింది ఫ్రాంక్లిన్ ఫ్లోరెన్స్ అనే నల్లజాతి పాస్టరు. ఆ సంస్థ కోరిక ఒక్కటి, అంకెలతో సహా: అల్లర్లు జరిగిన వాడల నుంచి 600 మంది నైపుణ్యం లేని నిరుద్యోగులను కొడాక్ తీసుకుని, పని నేర్పి, ఉద్యోగం ఇవ్వాలి. 1966 డిసెంబరు 20న కంపెనీ సహాయ ఉపాధ్యక్షుడు ఒకరు ఒప్పందం మీద సంతకం చేశారు. రెండు రోజుల్లో కంపెనీ ఆ సంతకం చెల్లదంది.

అప్పుడు అలిన్‌స్కీకి ఒక ఆలోచన వచ్చింది. రోచెస్టర్ సంపన్నులకు గర్వకారణమైన ఫిల్హార్మోనిక్ సంగీత కచేరీకి వంద టిక్కెట్లు కొని, తమ వాళ్లందరికీ ముందుగా కడుపునిండా చిక్కుడుగింజల కూర పెట్టి పంపాలని. వాయిద్యాల మధ్య వాయువులతో హాలు ఖాళీ అవుతుందని, చట్టంలో దాన్ని ఆపే సెక్షనే లేదని ఆయన లెక్క. పెద్దవాళ్ల సరదా సాయంత్రాన్ని చెడగొట్టే ఎత్తుగడ అది. అది అమలు కాలేదు. ఫైట్ సంస్థ అంతకంటే పదునైన దారి ఎంచుకుంది. కొడాక్ వాటాలు పది కొని, వాటాదారుల సమావేశంలో అడుగుపెట్టే హక్కు సంపాదించింది. దేశమంతటా కొడాక్ వాటాలున్న చర్చి సంస్థల దగ్గరికి వెళ్లి, మీ ఓటు యాజమాన్యానికి వేయవద్దని కోరింది. 1967 ఏప్రిల్ 25న న్యూజెర్సీలోని ఫ్లెమింగ్టన్‌లో జరిగిన వార్షిక సమావేశంలో ఫ్లోరెన్స్ లేచి, డిసెంబరు ఒప్పందాన్ని గౌరవిస్తారా లేదా అని కంపెనీ ఛైర్మన్‌ను అడిగాడు. లేదన్నాడాయన. ఫ్లోరెన్స్ బయటికి నడిచాడు. ఓట్ల లెక్కలో చర్చీల వాటా చాలా చిన్నది, కానీ కంపెనీ పేరు దేశమంతా పత్రికలకెక్కింది. ఆ జూన్‌లోనే కొడాక్ ఫైట్ సంస్థను వాడల తరఫున మాట్లాడే సంస్థగా గుర్తించి రాజీకి వచ్చింది.

అసలు చెప్పుకోవలసింది ఆ తర్వాతి పని. 1968లో అదే ఊరి జిరాక్స్ కంపెనీ సాయంతో ఫైటన్ అనే ఫ్యాక్టరీ వెలిసింది. యాజమాన్యం నల్లజాతి వాడది. ట్రాన్స్‌ఫార్మర్లు, లోహపు విడిభాగాలు చేసి ఇస్తే జిరాక్స్ కొంటానని ముందే మాట ఇచ్చింది. పేరు మారి, ఎల్ట్రెక్స్‌గా 2011 దాకా నడిచింది. సంస్థ ఇళ్ల కాలనీ కూడా కట్టించింది. నినాదం ఇచ్చినవాళ్లే మర్నాడు జీతాల పట్టీలు రాసుకుంటూ, యంత్రాల ఆర్డర్లు చూసుకుంటూ గడిపారు. ఇలాంటి పని టీవీలో కనబడదు, అందుకే అమెరికన్ యువతలో చాలామందికి ఈ చరిత్ర తెలియదు.

అయినా రోచెస్టర్‌లో పేదరికం పోలేదు. 1982లో ఆ నగరంలో 60 వేలకు పైగా ఉద్యోగులున్న కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. పెద్ద గేటు తెరుచుకున్న కొద్ది కాలానికే లోపలి పని తగ్గుతూ పోయింది. 2010లలో ఆ నగర పిల్లల్లో దాదాపు సగం మంది పేద కుటుంబాల్లో పెరుగుతున్నారని లెక్కలు చెప్పాయి. డేనియల్ ప్రూడ్ కోసం వీధిలోకి వచ్చినవాళ్లలో ఆ వాడల పిల్లలూ ఉన్నారు.

తరతరాల పేదరికం ఎలా సాగుతుందో ఇప్పుడు ఊహించుకోనక్కర లేదు. 2022 నాటి ఫెడరల్ రిజర్వు సర్వే ప్రకారం మధ్యస్థ తెల్లజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. ఇంటి అప్పు దొరకని కాలంలో ఇల్లు కొనలేకపోయిన తాత, ఇల్లు లేక పిల్లలకు ఏమీ మిగల్చలేని తండ్రి, కాలేజీ ఫీజుకు తాకట్టు పెట్టేందుకు ఏమీ లేని మనవడు. 1930లలో ప్రభుత్వ సంస్థే నల్లజాతి వాడలను ఎర్రరంగుతో గుర్తించి అప్పులకు అనర్హమన్నది. అమెరికా పన్నుల రికార్డులు పరిశోధించిన ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో తేల్చింది ఇంకా బాధాకరమైనది. దాదాపు ఒకే ఆదాయమున్న ఇళ్లలో, ఒకే పేటలో పెరిగినా నల్లజాతి మగపిల్లలు పెద్దయ్యాక తెల్లజాతి మగపిల్లల కంటే తక్కువ సంపాదిస్తున్నారు. దేశంలో 99 శాతం పేటల్లో ఇదే తీరు.

మార్చగలిగే దారులు ఉన్నాయి, వాటికి రుజువులూ ఉన్నాయి. 1994లో మొదలైన ఒక ప్రభుత్వ ప్రయోగంలో అయిదు మహానగరాల్లోని సుమారు 4,600 పేద కుటుంబాలను లాటరీతో విభజించి, కొందరికి మెరుగైన పేటలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. పదమూడేళ్లలోపు అలా మారిన పిల్లలు ఇరవైల నడుమ వయసుకు వచ్చేసరికి మిగతావాళ్ల కంటే 31 శాతం ఎక్కువ సంపాదించారు. రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర్లో అదే రాష్ట్రంలోని ఎల్‌మైరా అనే చిన్న పట్టణంలో 400 మంది తొలిచూలు గర్భిణులతో ఒక ప్రయోగం చేశాడు. వాళ్లలో కొందరి ఇళ్లకు ఒక నర్సు గర్భం నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా వెళ్లేది. ఏం తినాలి, బిడ్డ ఎందుకు ఏడుస్తోంది, చదువు ఎలా కొనసాగించాలి, పని ఎక్కడ వెతుక్కోవాలి అన్నవే మాటలు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ ఇళ్లలో పిల్లల మీద దౌర్జన్యం, నిర్లక్ష్యం నమోదైన కేసులు దాదాపు సగానికి తగ్గాయి. ఆ పద్ధతి ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో అమలవుతోంది. ఒక్కో తల్లికి ఒక్కో నర్సు, నెలలకు నెలలు. వేగంగా ఏదో చేసెయ్యాలనే యువతకు ఇది ఓపిక పరీక్షలా కనిపించవచ్చు. అయినా ఇదే పనిచేసింది.

వాషింగ్టన్‌లోని ఆ రెస్టారెంటు బల్ల దగ్గర నిజంగా పేదవాళ్లు ఉన్నారు. పళ్లాలు తెచ్చేవాళ్లు, వంటింట్లో గిన్నెలు కడిగేవాళ్లు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు తీసుకునే సర్వరుకు యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది ఒక్క సెంటు కూడా పెరగలేదు. బానిసత్వం రద్దయ్యాక విముక్తులైన నల్లజాతివాళ్లను జీతం లేకుండా, టిప్పు మీదే పనికి పెట్టుకున్న రోజుల నుంచి వచ్చిన అలవాటు ఇది. చదువుకోవడానికి వెళ్లి అక్కడి హోటళ్లలో వడ్డించిన తెలుగు విద్యార్థులకు, వచ్చే టిప్పుతోనే అద్దె కట్టాలంటే వారం ఎలా గడుస్తుందో తెలుసు. కస్టమర్ నవ్వితే తిండి, లేకపోతే లేదు.

ఈ సమస్య మీద రెస్టారెంట్ల దగ్గర జరిగిన నిరసనలు వేరే దారిన నడిచాయి. న్యూయార్క్ జంట భవనాల మీద దాడిలో పై అంతస్తు రెస్టారెంటు కార్మికులు 73 మంది చనిపోయాక, బతికిన సహోద్యోగులతో కలిసి సరు జయరామన్ అనే భారత సంతతి న్యాయవాది రాక్ అనే సంస్థను కట్టింది. ఆ సంస్థ జీతాల బకాయిలు, వివక్ష ఉన్న పేరున్న హోటళ్ల ముందు భోజనాల వేళే ధర్నాలు చేసింది. వచ్చే కస్టమర్లకు ఇబ్బందే. కానీ కరపత్రంలో ఆ హోటల్ పేరు, ఆ యజమాని పేరు, ఆ కార్మికులకు రావాల్సిన సొమ్ము ఉండేవి. న్యూయార్క్‌లోని డెల్ పోస్టో కార్మికులకు 2012లో 11.5 లక్షల డాలర్ల రాజీ కుదిరింది. లోపల తింటున్న మనిషికి కూడా ఆ నిరసనలో ఒక పాత్ర ఉంది: యజమానికి ఒక మాట చెప్పడం, లేదా ఇంకో చోట తినడం.

వాషింగ్టన్ ఓటర్లు 2018 జూన్‌లో టిప్పు జీతాన్ని క్రమంగా మామూలు కనీస వేతనానికి పెంచాలని తీర్పు ఇచ్చారు. ఆ ఓటు అందరికంటే గట్టిగా పడింది అనకోస్తియా నదికి ఆవల నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న ఏడు, ఎనిమిది వార్డుల్లో. నాలుగు నెలలు తిరగకముందే నగర కౌన్సిల్ ఆ తీర్పును రద్దు చేసింది. 2022 నవంబరులో ఓటర్లు మళ్లీ, ఈసారి దాదాపు నాలుగింట మూడొంతుల మెజారిటీతో, అదే చెప్పారు. 2025లో కౌన్సిల్ మళ్లీ వెనక్కి లాగి, పెంపుదల పూర్తి కనీస వేతనం దాకా చేరకుండా ఆపే రాజీ చేసింది. రెండుసార్లు పేదలు ఓటేసి గెలిచిన దాన్ని కౌన్సిల్ సభ్యులు గదుల్లో కూర్చుని తగ్గించారు. నిరసన ఎక్కడ జరగాలో, ఎవరి ఎదుట జరగాలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. అక్కడ గట్టిగా అరిచినా తప్పు లేదు.

తినే చోట, కూర్చునే చోట మనిషిని కొలిచే అలవాటు తెలుగు నేలకూ ఉంది. టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన పల్లెలు ఎన్నో. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర, 1991లో చుండూరులో సినిమా హాలు సీటు దగ్గర మొదలైన గొడవలు హత్యాకాండలుగా మారాయి. వాటి తర్వాత లేచిన దళిత ఉద్యమం గ్లాసు దగ్గరా కోర్టు దగ్గరా పోరాడింది. పక్కనే ఇంకో పని సాగింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి వెట్టిచాకిరీ విముక్తికి, దళిత పిల్లల గురుకులాలకు తన ఉద్యోగ జీవితాన్ని ధారపోశాడు. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, 2014 మే 25న, ఎవరెస్టు ఎక్కింది అలాంటి గురుకులంలో చదువుతూనే. గ్లాసు పగలగొట్టినవాళ్లూ హాస్టల్లో సీటు ఇప్పించినవాళ్లూ ఒకరికొకరు కావలసినవాళ్లే. వీధి పోరాటం లేకపోతే అధికారి ఫైలు కదలదు. ఫైలు కదలకపోతే వీధిలో దొరికిన గౌరవం పిల్లల చదువు దాకా చేరదు.

కదిలిన ఫైలుకు అమెరికాలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 2021లో అక్కడి ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే పన్ను రాయితీని ఆరేళ్లలోపు బిడ్డకు 3,600 డాలర్లకు, పెద్ద పిల్లలకు 3,000కు పెంచింది. ఆదాయం లేని తల్లులకు కూడా పూర్తి మొత్తం ఇచ్చింది. అందులో సగాన్ని జులై నుంచి డిసెంబరు దాకా నెలనెలా ఖాతాల్లో వేసింది. ప్రభుత్వ అనుబంధ కొలమానంలో పిల్లల పేదరికం 2020లోని 9.7 శాతం నుంచి 5.2 శాతానికి పడిపోయింది. ఏడాది ముగిశాక సెనేట్‌లో ఓట్లు చాలక ఆ పెంపు ఆగింది. 2022లో పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. లక్షల మంది పిల్లలు ఒక్క ఏడాదిలో పైకి వచ్చి, మరుసటి ఏడాది మళ్లీ కిందికి జారారు. ఆ ఓటు వేయని సెనేటర్ల ఇళ్ల ముందు, కార్యాలయాల ముందు ఎంత గందరగోళం జరిగినా న్యాయమే అయ్యేది. పెంపు ఆగాక తగ్గిపోయిన ఆ రాయితీని 2025లో కేంద్రం 2,200 డాలర్లకు పెంచినా ఆదాయం మరీ తక్కువ ఉన్న ఇళ్లకు పూర్తి మొత్తం అందడం లేదు.

రాష్ట్రాలు కొంత చేయగలవు. న్యూయార్క్ రాష్ట్రం 2021 డిసెంబరులో, పిల్లల పేదరికాన్ని పదేళ్లలో సగానికి తగ్గించాలని చట్టం చేసింది. 2025లో ఆమోదించిన బడ్జెట్‌లో నాలుగేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు తన సొంత రాయితీని బిడ్డకు 1,000 డాలర్లకు పెంచింది. రోచెస్టర్‌లోని పాత చర్చీలు, పేదరిక నిర్మూలన సంఘాలు ఇప్పుడు ఈ లెక్కలే పట్టుకుని ఆల్బనీలోని శాసనసభకు వెళ్లాలి. అద్దె సాయానికి ఎంత, ఇళ్లకు వెళ్లే నర్సులకు ఎంత, కుటుంబ రాయితీకి ఎంత అన్నది ఏటా బడ్జెట్ గడువైన ఏప్రిల్ 1కి ముందు వారాల్లో అక్కడ చర్చకు వస్తుంది. ప్రూడ్ కోసం వీధిలో నడిచిన యువతకు పట్టుదల తక్కువేమీ లేదని ఆ సెప్టెంబరు రాత్రులు చూపించాయి. ఆ పట్టుదలతో మార్చి నెలలో ఆల్బనీ సభాభవనం మెట్ల మీద కూర్చుని, గవర్నరును, సభ్యులను ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగవచ్చు. చట్టం విధించిన గడువు పదేళ్లే. రోచెస్టర్ పిల్లల లెక్క ఏటా ప్రభుత్వమే బయటపెడుతుంది.